ఖాళీ వరుస మీద పసుపు రంగు

మా నాన్న కరెంటు లైన్‌మన్. వానాకాలంలో శ్మశానం పక్క తీగ తెగినా సరే, వెళ్లి స్తంభమెక్కి బాగుచేసి, ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిని పడుకునేవాడు. దయ్యాల మాట ఎత్తితే, "షాక్ కొట్టి సచ్చినోళ్లను సూసిన గని, సచ్చినోళ్లు వచ్చి షాక్ కొట్టుడు ఎన్నడు సూడలే" అని నవ్వేవాడు.

ఆ ఇంట్లో పెరిగినదాన్ని నేను. నాకు అటువంటి నమ్మకాలు ఎప్పుడూ లేవు. కిందటి ఏడాది మా ఆఫీసులో పట్టపగలు, ఇంకో ఇద్దరితో కలిసి చూసినదాన్ని ఎవరికి చెప్పినా సగంలోనే ఆపేయాల్సి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

మాది సంగారెడ్డి. ఉద్యోగం కోసం బీరంగూడలో కిరాయికి ఉంటున్నాను. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నీళ్ల పంపుల భాగాలు పోతపోసే ఫౌండ్రీ మాది. పేరు చెప్పను. మా హెడ్ ఆఫీసు వాళ్లు కాగితం రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి మార్చాలనుకున్నారు. సర్వర్ మీద అందరికీ ఉమ్మడిగా ఒక నోట్‌బుక్ తెరిచారు. గేటు హాజరు, స్టోర్స్, రిపేర్లు, ప్రథమ చికిత్స, ఇలా ఒక్కోదానికి ఒక్కో భాగం. పాత రిజిస్టర్లను పేజీ పేజీ స్కాన్ చేసి అందులోకి ఎక్కించడం నా పని.

ఆ నోట్‌బుక్‌లో వెతకడం సులువు. సెర్చ్ బాక్స్‌లో ఒక మాట కొడితే, టైపు చేసినవే కాకుండా స్కాన్ పేజీల్లోని చేతిరాతను కూడా చదువుతుంది. దొరికిన చోటల్లా ఆ మాట మీద పసుపు రంగు వేసి చూపిస్తుంది. తప్పులూ చేస్తుంది. ఒకసారి 'ఆయిల్' అని వెతికితే టీ గ్లాసు మరక మీద పసుపు పూసింది. అది చూసి ఖాజా భాయ్ చాలాసేపు నవ్వాడు.

ఖాజా భాయ్ మా టైమ్ ఆఫీసు ఇన్‌చార్జి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. గేటు దగ్గర హాజరు రిజిస్టర్ ఇరవై ఏళ్లుగా ఆయన చేతిరాతే. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అచ్చు వేసినట్టు ఉంటాయి. ఆయన రాత చదవడంలో కంప్యూటర్ కూడా పొరబడేది కాదు.

ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి వస్తుంటే, గేటు దగ్గర ఒక ఆవిడ సెక్యూరిటీ వాళ్లతో మాట్లాడుతోంది. యాభై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు జిరాక్సు. ముందురోజు కూడా ఆవిడ అక్కడే నిలబడి ఉండటం చూశాను. పేరు కాశమ్మ అని చెప్పింది. నారాయణఖేడ్ అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర ఊరు.

ఆమె తమ్ముడు శరణప్ప అంతకు ముందటి ఏడాది ఎండాకాలంలో ఇటువైపు పనికి వచ్చాడు. 'పంపుల కంపెనీ' అని మాత్రం చెప్పాడట. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఒకరోజు ఫోన్ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. తీసుకొచ్చిన కాంట్రాక్టర్‌ను అడిగితే పని నచ్చక వెళ్లిపోయాడన్నాడు. తర్వాత ఆ కాంట్రాక్టర్ ఫోన్ కూడా పనిచేయలేదు. ఊళ్లో పోలీసు కంప్లయింటు ఇచ్చింది. వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చి ఒక్కో ఫ్యాక్టరీ గేటు దగ్గర అడుగుతోంది. మాది పదిహేడోదట.

"లిస్టుల పేరు లేదు, పో అంటున్రు బిడ్డా. లిస్టుల లేకుంటే మనిషి లేనట్టేనా? అమ్మ సచ్చిపోతే నేనే పెంచిన వాన్ని. గట్ల చెప్పకుండ పోయేటోడు కాదు."

సెక్యూరిటీ వాళ్లకు చెప్పి ఆమెను లోపలికి తీసుకొచ్చి, నా టేబుల్ ఎదురుగా కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే, లేడని చూపించి మర్యాదగా పంపిద్దామనే అనుకున్నాను. ఆమె తెచ్చిన తమ్ముడి ఆధార్ జిరాక్సులో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో శరణప్ప అని కొట్టాను.

పన్నెండు చోట్ల దొరికింది.

మొదటిది తెరిచాను. గేటు హాజరు రిజిస్టర్, అంతకు ముందటి ఏడాది మే నెల. ఖాజా భాయ్ రాత. ఒకదాని కింద ఒకటి పేర్లు. మధ్యలో ఒక వరుసలో నంబరు ఉంది, వచ్చిన టైము ఉంది. పేరు రాయాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీ మీద, సరిగ్గా ఒక పేరు పట్టేంత పొడవున, పసుపు రంగు ఉంది.

టీ మరక సంగతి గుర్తొచ్చింది. రెండోది తెరిచాను. మర్నాటి పేజీ. మళ్లీ ఖాళీ వరుస, మళ్లీ పసుపు. మూడోదీ అంతే. ఒక్కో పేజీలో ఖాళీ వరుసలు మూడు నాలుగు ఉన్నాయి. పసుపు మాత్రం ఒక్కదాని మీదే. ఒకరోజు పన్నెండో వరుస, ఇంకోరోజు ఇరవయ్యో వరుస. పేజీని వీలైనంత పెద్దది చేసి చూశాను. మరక లేదు, గీత లేదు. తెల్ల కాగితం.

నోటికొచ్చిన పేరేదో కొట్టి వెతికాను. ఫలితాలు లేవంది. కాశమ్మ పేరు కొట్టాను. లేదంది. మళ్లీ శరణప్ప అని కొట్టాను. పన్నెండు.

కాశమ్మ నా ముఖం చూస్తోంది. "ఉన్నడా బిడ్డా?" అని అడిగింది. జెర ఆగమని చెప్పి ఖాజా భాయ్‌ను పిలిచాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. నేను ఒక్కో పేజీ తిప్పుతూ పోయాను. నాలుగో పేజీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత లేచి, రికార్డు రూములోంచి అసలు రిజిస్టర్ మోసుకొచ్చి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో తడిమాడు. ఎక్కడా చెరిపిన గుర్తు లేదు.

"ఇక్కడ నేను పేరు రాయలే బేటా. ఖుదా కసమ్. కాంట్రాక్టర్ పది మందిని తెస్తడు, ఏడుగురికే కాగితాలుంటయ్. కాగితాలు రానోళ్లకు నంబరు ఏసి జాగ ఇడుస్తుంటి, తర్వాత రాద్దమని. చానామందివి గట్లనే ఉండిపోయినయ్. ఎవల పేరో నాకే ఎరుక లేదు. ఎరుక లేని పేరు ఎట్ల రాస్త?"

అంటే ఆ కాగితం మీద ఆ పేరు ఎప్పుడూ పడలేదు. దీన్నే నేను ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాను. రాసి చెరిపేసి ఉంటే కంప్యూటర్ కంటికి ఆ జాడ దొరికిందని సర్దుకునేదాన్ని.

హెడ్ ఆఫీసులో సర్వర్ చూసుకునే ఇంజనీరుకు ఫోన్ చేశాను. నా స్క్రీన్ ఆయనకు కూడా కనిపించేలా పెట్టమన్నాడు. పెట్టాను. ప్రతి పేజీలో కంప్యూటర్ చదివిన మాటల జాబితా ఒకటి లోపల ఉంటుందట. దాన్ని తెరిచి చూశాడు.

"మేడం, ఈ పేజీలో ఆ పదమే లేదు. జాబితాలో లేదు. కానీ పసుపు రంగు నాక్కూడా కనిపిస్తోంది" అన్నాడు. రేపు చూస్తానని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. పసుపు పడిన గేటు పేజీలు పదకొండు. తేదీలు చూస్తే పన్నెండు రోజులు వరసగా ఉన్నాయి, మధ్యలో ఒక్క గురువారం తప్ప. ఆ గురువారం పేజీ విడిగా తెరిచాను. ఖాళీ వరుసలు మూడున్నాయి. దేని మీదా పసుపు లేదు.

తేదీల సంగతి కాశమ్మకు చెప్పలేదు. "పెద్దమ్మా, మీ తమ్ముడు పనికి పోని రోజు ఏదన్న ఉన్నదా? యాదికున్నదా?" అని మాత్రం అడిగాను.

ఆమె ఆలోచించనైనా లేదు. "ఒక్కనాడు పోలే. గురువారం. మా ఊరి అంగడి ఆ దినమే. నేను అంగట్ల ఉల్లిగడ్డలు కొంటుంటే ఫోన్ చేసిండు. కాలుల ఇనుప మొల దిగింది అక్కా, ఇయ్యాల పోలే అన్నడు. పసుపు పెట్టి కట్టుకో అని చెప్పిన."

ఖాజా భాయ్ నా వైపు చూశాడు. ఇది ఆగస్టు మధ్యాహ్నం, బయట ఎండ, పక్క షెడ్డులో మిషన్ల మోత. భయపడటానికి వీలైన చోటు కాదు. అయినా ఆ గదిలో మేం ముగ్గురమే కాక ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది.

మిగిలింది పన్నెండో ఫలితం. అది గేటు రిజిస్టర్ కాదు, ప్రథమ చికిత్స రిజిస్టర్. ఆ పదకొండు పేజీల్లో ఆఖరి దాని తేదీయే. గాయాలకు కట్లు కట్టే అప్పటి డ్రెస్సర్ రాత, ఆయన ఉద్యోగం మానేసి చాలా రోజులైంది. ఒకే ఒక వాక్యం ఉంది. కాంట్రాక్టు మనిషి, ఎండదెబ్బ, కళ్లు తిరిగి పడిపోయాడు, ఆటోలో ఆసుపత్రికి పంపాం. పేరు దగ్గర ఖాళీ. ఆ ఖాళీ మీద పసుపు.

ఇక దాచడం న్యాయం కాదనిపించింది. ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించాను. కాశమ్మ ఏడవలేదు. కవరు మడిచి నడుములో దోపుకుని, "యాడికి పంపిన్రు?" అని లేచి నిలబడింది.

ఇలాంటివాళ్లను పంపేది ప్రభుత్వ ఆసుపత్రికేనని ఖాజా భాయ్ చెబితే, ముగ్గురం ఆటోలో అక్కడికి వెళ్లాం. రికార్డుల గుమస్తా మొదట కుదరదన్నాడు. తేదీ చెప్పి, ఖాజా భాయ్ తనకు తెలిసిన కాంపౌండర్‌తో చెప్పించాక పుస్తకం తీశాడు. ఆ రోజు సాయంత్రం నాలుగు దాటాక ఒక మగమనిషిని ఆటోలో తెచ్చారు. తెచ్చినవాళ్లు పేరు చెప్పకుండానే వెళ్లిపోయారు. స్పృహ రాలేదు. మర్నాడు తెల్లవారకముందే చనిపోయాడు. కొన్నాళ్లు ఉంచి, ఎవరూ రాకపోతే పోలీసులు దహనం చేయించారు.

పోలీస్ స్టేషన్‌లో ఫొటోలు చూపించారు. మొదటి ఫొటోలో ముఖం సరిగ్గా తెలియలేదు. రెండో దాంట్లో మోచేతి కింద పచ్చబొట్టు ఉంది. రెండే అక్షరాలు: కాశ. కాశమ్మ ఆ ఫొటో మీద చెయ్యి పెట్టి, "సంతల పొడిపిచ్చుకున్నడు. నా పేరంత రాస్తే నొప్పయితదని సగమే రాపిచ్చుకున్నడు" అంది. అప్పుడు ఏడ్చింది. ఖాజా భాయ్ బయటికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను దగ్గరికి వెళ్తే, "పదకొండు దినాలు నా ముంగటికెల్లే లోపలికి పోయిండు బేటా. మనిషిని సూసిన. పేరు అడగలే" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే నోట్‌బుక్ తెరిచి శరణప్ప అని కొట్టాను. ఫలితాలు లేవు. ఆ పన్నెండు పేజీలూ ఒక్కొక్కటిగా తెరిచాను. వట్టి ఖాళీ వరుసలు. హెడ్ ఆఫీసు ఇంజనీరు కూడా చూశాడు. సర్వర్‌లో ఎవరూ ఏ మార్పూ చేసినట్టు నమోదు కాలేదన్నాడు. పసుపు రంగు చూసిన మాట ఆయనా కాదనలేదు. అంతకంటే మాట్లాడటానికి ఇష్టపడలేదు.

కాంట్రాక్టర్ మీద కేసు పెట్టారు, నడుస్తోంది. కాశమ్మకు దహనం చేసిన చోటు చూపించారు. ఊరికి వెళ్లి పెద్దల సమక్షంలో తమ్ముడికి చేయాల్సినవి చేసుకుంది.

వెళ్లేముందు ఆమె మా ఆఫీసుకు వచ్చి ఖాజా భాయ్‌ను ఒకటి అడిగింది. "వాని పేరు ఆ బుక్కుల రాయి భాయ్. వాడు ఈడ పనిచేసిండని ఉండాలె గదా."

పాత రిజిస్టర్‌లో ఇప్పుడు రాయడం నిబంధనలకు విరుద్ధం. ఖాజా భాయ్ మేనేజర్‌ను అడిగాడు. మేనేజర్ ఒప్పుకుని, పక్కన తేదీ వేసి సంతకం పెట్టి రాయమన్నాడు. ఏ పేజీలో ఏ వరుసో నేను చెబుతుంటే, పన్నెండు చోట్లా ఖాజా భాయ్ తన అచ్చులాంటి అక్షరాలతో పేరు రాశాడు. అవి నాకు కచ్చితంగా తెలుసు. పసుపు కనిపించిన రోజే అన్నీ ఒక కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను.

ఆ పేజీలను మళ్లీ స్కాన్ చేసి సర్వర్‌లోకి ఎక్కించాను. స్క్రీన్ మీద పేరు చక్కగా కనిపిస్తోంది. సెర్చ్ బాక్స్‌లో శరణప్ప అని కొట్టాను.

ఫలితాలు లేవంది.

స్కాన్ మసకగా వచ్చిందేమోనని మళ్లీ చేశాను. ఇంజనీరు ఆ పేజీలను కంప్యూటర్‌తో కొత్తగా చదివించాడు. పై వరుసలో పేరు దొరుకుతుంది. కింది వరుసలో పేరు దొరుకుతుంది. గేటు పేజీల్లో అయితే అదే చేతిరాత, అవే అక్షరాలు. మధ్యలో ఉన్న ఈ ఒక్క పేరే దానికి కనిపించదు. పన్నెండు చోట్లా అంతే. ఇంజనీరు జాబితాలోకి ఆ పేరును చేత్తో ఎక్కించి చూశాడు, మర్నాటికి అది లేదు.

మా నాన్నకు చెప్పాను. ఈసారి నవ్వలేదు. మిషన్లో ఏదో ఉంటుందిలే అన్నాడు. నేనూ అలాగే అనుకోవాలని చూస్తాను. అప్పుడప్పుడు, పని లేనప్పుడు, ఆ పేరు కొట్టి చూస్తాను. ఖాజా భాయ్ తన టేబుల్ దగ్గర నుంచి తలెత్తి, ఏమన్నా వచ్చిందా అన్నట్టు చూస్తాడు. లేదని తలూపుతాను.