అద్దాల వెనక మా తాత గొంగడి

స్మారక మందిరం తలుపు తీయగానే నాఫ్తలీన్ గోళీల వాసన గుప్పుమంటుంది. కరీంనగర్ నుంచి వేములవాడ పోయే యాత్రికులు దారిలో ఆగి మరీ చూసిపోతారు; దేశం కోసం ప్రాణమిచ్చిన వీరుడు పుట్టింది అక్కడే, మా ఊళ్లో. నున్నటి గ్రానైటు, అద్దాల పెట్టెలు, చెప్పులు బయట విడవమనే బోర్డు. నాకా వాసన గిట్టదు.

నా చిన్నప్పుడు అది రెండు గదుల మట్టి ఇల్లు. ఊళ్లోకెల్లా పెద్ద వాకిలి దానిదే కాబట్టి ఎండాకాలమంతా మా చిర్రగోనె ఆట అక్కడే, వానలు వెనకబట్టాక ఆడవాళ్లు తంగేడు, గునుగు పూల బతుకమ్మలు దించి ఆడేదీ అక్కడే, ఆట ముగిశాక రొట్టెల్లో బెల్లం, నెయ్యి వేసి దంచిన మలీద ముద్దలు పంచుకునేదీ అక్కడే; నేతి చేతులు గోడకు రాశామా, నాయనమ్మ ఊరుకునేది కాదు. "గా ఇంట్ల మనోడు పుట్టిండు, జర భక్తితోని ఉండుండ్రి!"

తర్వాత మ్యూజియం కడతామంటూ అధికారులు వచ్చారు. వీరుడి వస్తువులేమైనా ఉంటే ఇవ్వమన్నారు. ఏముంటాయి? ఆయన కట్టుబట్టలతో ఇల్లు విడిచినవాడు. గదులు ఖాళీగా ఉంటే ఊరి ఇజ్జత్ పోతుందని పెద్దలు తెగ పరేషాన్ అయ్యారు. మా వైపు పెళ్లంటే ఇంటింటికీ తిరిగి బిందెలు, గంగాళాలు, చాపలు తెచ్చుకుంటారు, పెళ్లయ్యాక ఎవరివి వాళ్లకు చేరతాయి. ఇదీ అలాగే అనుకుని ఊరంతా కదిలింది. ఒకరు రోకలి ఇచ్చారు, ఒకరు కంచు చెంబు, ఇంకొకరు ముల్లుగర్ర. మా తాత భుజం మీది నల్ల గొంగడి తీసి ఇచ్చాడు.

"చలికాలమొస్తది, ఏం కప్పుకుంటవ్?" అంది నాయనమ్మ.

"ప్రారంభం నాడు మంత్రి వచ్చి చూసి పోతడు. తెల్లారి తెచ్చుకుంటం తియ్యి."

మంత్రి వచ్చాడు, చూశాడు, పోయాడు. అద్దాల పెట్టెలకు తాళాలు పడ్డాయి.

ఆ చలికే తాత మంచం పట్టాడు. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు, "నా గొంగడేదే?" అని ఒకటే కలవరింత. గొర్రెలు కాచి బతికిన ఇల్లు మాది, మా ఇంట్లో మగవాళ్లను సొంత గొంగడి కప్పే కాటికి సాగనంపుతారు. నాన్న, మా బాపు, పోయి కాపలా అతణ్ని బతిమాలాడు. అతనూ మా ఊరివాడే. ముఖం చిన్నబుచ్చుకుని, "అది సర్కారుదైంది మామా, నా చేతుల లేదు" అన్నాడు. చివరికి తాతను కొత్త మిల్లు దుప్పటి కప్పి తీసుకుపోయారు. నాయనమ్మ ఏడవలేదు, ఆ దుప్పటి వంకే చూస్తూ కూర్చుంది.

అప్పటి నుంచి ఏటా వీరుడి వర్ధంతికి అందరికంటే ముందు ఆమే పోయేది. విగ్రహం దగ్గర ఆగేది కాదు. గొంగడి ఉన్న పెట్టె ముందు బంతిపూలు పెట్టి, అద్దానికి చెయ్యి ఆనించి నిలబడేది. ముసలమ్మకు ఎంత దేశభక్తి అని ఒక ఏడు పేపర్లో ఫొటో కూడా వేశారు.

మొన్న వెళ్లాను. నాయనమ్మ లేదు, బాపు లేడు. గైడు బడిపిల్లలకు చెబుతున్నాడు: "గీ గొంగడి కప్పుకునే ఆయన అడవులల్ల తిరిగిండు." పిల్లలు దండం పెట్టారు. పక్కన రోకలి, చెంబు, ముల్లుగర్ర. వాటిని ఇచ్చినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. ఏది ఎవరిదో ఎంత ఆలోచించినా ఒక్క పేరూ గుర్తు రాలేదు. నేను గుర్తుపట్టగలిగింది మా తాతది ఒక్కటే. నా తర్వాత అది కూడా వీరుడిదే.