శుక్రవారం నాటి నాలుగు పిక్కులు

ఆ రోజుల్లో నాకు తీర్పులు చెప్పడమంటే మహా సరదా. కెనడా రాకముందు బాపట్లలో హాస్టల్ టీవీ ముందు కూర్చుని ఎంతమంది క్రికెటర్లను ఇంటికి పంపించానో నాకే తెలియదు. కొత్త కుర్రాడు రెండు మ్యాచుల్లో వరసగా డకౌట్ అయితే చాలు, పెరుగన్నం కలుపుకుంటూనే వాడికి శిక్ష ఖరారు చేసేవాణ్ణి. అప్పీలుకు అవకాశం ఉండేది కాదు. (కాలేజీ టీముకు నేను ఆడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో ఎన్ని పరుగులు తీశానన్నది ఇక్కడ అప్రస్తుతం.) అలాంటి నన్ను దేవుడు విమానం ఎక్కించి ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో దించాడు. ఊరి పేరు వినగానే మా చుట్టాలందరూ ఇంగ్లండ్ అనుకుని పొంగిపోయారు. నేనూ వాళ్ళను సరిదిద్దే ప్రయత్నం చేయలేదు.

విద్యార్థులు వరదలా వచ్చిపడుతున్న కాలం అది. సిటీ బస్సు ఎక్కితే కరీంనగర్ నుంచి కర్నూలు దాకా అన్ని యాసలూ ఒకే సీటులో వినపడేవి. కాఫీ షాపులో ఒక్క మనిషి కావాలని తెలిస్తే రెజ్యూమెలు పట్టుకుని పార్కింగ్ చివరిదాకా బారులు తీరేవాళ్ళం. అలాంటి బారుల్లో నాలుగు నెలలు నిలబడి, నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాక, నాకో గిడ్డంగిలో పని దొరికింది. అదీ నా గొప్ప కాదు. నాతో బేస్‌మెంట్‌లో ఉండే వరంగల్ కుర్రాడు, నాకన్నా ఏడాది ముందొచ్చినవాడు, అక్కడ పనిచేస్తూ నా పేరు చెప్పాడు. అందరం అతన్ని అన్న అనేవాళ్ళం. మూడు నెలలు ప్రొబేషన్, ఆ తర్వాత ఉంచుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే మళ్ళీ బారులో నిలబడాలి. ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం సహించేది కాదు.

పని పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పెంపుడు జంతువుల తిండి, వాటి దుప్పట్లు, వాటి బొమ్మలు ఉండే గిడ్డంగి అది. మణికట్టుకు కట్టిన స్కానర్ ఏ వరుసలో, ఏ అరలో ఏముందో చెబుతుంది. వెళ్ళి ఆ పెట్టె తీసి బండిలో వేసుకోవాలి. ఆ తీయడాన్ని పిక్ అంటారు. ఈ రోజు ఎన్ని పిక్కులు చేశావంటే ఎన్ని పెట్టెలు తీశావని. మా ఊరి బజారు మొత్తాన్ని పైకప్పు కింద పెట్టినా ఇంకా చోటు మిగిలేంత పెద్ద గిడ్డంగి. నేను మొదటి వారం రెండుసార్లు తప్పిపోయాను. అప్పటిదాకా పిక్కింగ్‌లో ఉన్న అన్నను ప్యాకింగ్ బల్ల దగ్గరికి మార్చి, అతని చోట నన్ను పెట్టారు. మా సూపర్‌వైజర్‌కు అరవై దాటి ఉంటాయి. తెల్లటి మీసాలు గడ్డం దాకా వేలాడుతుండేవి. మాలో మేము ఆయన్ని మీసాల తాత అనుకునేవాళ్ళం. తక్కువ మాట్లాడేవాడు. అందుకే నాకు ఎక్కువ భయం.

ఒక శుక్రవారం సాయంత్రం నేను కుక్కల తిండి తీయాల్సిన చోట పిల్లుల తిండి తీశాను. ఒకటి కాదు, నాలుగు పెట్టెలు. స్కానర్ కుయ్యిమన్నా పట్టించుకోలేదు. సరుకు లారీ వెళ్ళిపోయాక తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. శని ఆదివారాలు రెండూ, పిల్లుల తిండి ముందు కూర్చుని నావైపే గుర్రుగా చూస్తున్న నాలుగు కుక్కలను తలుచుకుంటూ గడిపాను. అన్నతో చెప్పడానికి నోరు రాలేదు. నా పేరు చెప్పినవాడి పరువు కూడా నాతోపాటే పోతుంది కదా.

సోమవారం మధ్యాహ్నం షిఫ్ట్‌కు కాస్త ముందే వెళ్ళి లంచ్‌రూమ్‌లో ఫ్రిజ్ వెనక బెంచీ మీద కూర్చున్నాను. మీసాల తాతా, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అతనూ కాఫీలు పట్టుకుని లోపలికి వచ్చారు. నేను వాళ్ళకు కనపడలేదు. (వాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషులో, నాకు వినపడింది తెలుగులో.) శుక్రవారం నాలుగు పిక్కులటయ్యా, ఒక్క సాయంత్రంలో నాలుగు, అన్నాడు తాత. నా గుండె జారి బూట్లలో పడింది. కిడ్ కొత్తవాడు కదా అని ఫోర్క్‌లిఫ్ట్ అతను ఏదో సర్దబోయాడు. కొత్తవాడైతే మాత్రం, ఎదురుగా ఉన్నది కనపడదా, చేతులు మంచివే గానీ బుర్ర అందుకోవడం లేదు, అన్నాడు తాత. చివరికి కప్పు బల్లమీద పెట్టి తేల్చేశాడు.

"కిడ్‌ని ఇంటికి పంపించి, ఆ పాతవాణ్ణే మళ్ళీ పెడితే సరి."

పాతవాడంటే అన్న. ఇంకెవరు? గోరుచుట్టు మీద రోకటిపోటులా, నన్ను తీసేసి నా అన్ననే నా చోట పెడతారన్నమాట. ప్యాకింగ్ బల్ల దగ్గర నడుము పట్టేస్తోందని అన్న వారం నుంచీ మూలుగుతుండటం వెంటనే గుర్తొచ్చింది. ఇంతకీ ఈ విషయం అతనికి ముందే తెలుసా? ఆ రోజు బస్సులో అతని పక్కన కూర్చోకుండా, ఖాళీ సీటు ఉన్నా నిలబడి వెళ్ళాను. ఇంట్లో అతను వండిన టమాటా పప్పు తిన్నాను గానీ (కోపం వేరు, పప్పు వేరు) ఒక్క మాట మాట్లాడలేదు. నేను నిజంగా చాలా కుంగిపోయాను. దేశంకాని దేశంలో నన్ను ఇంటికి పంపించెయ్యమని ఒక పెద్దమనిషి కాఫీ తాగుతూ అనేశాడు. నేను పెరుగన్నం కలుపుతూ అన్నట్టే.

మంగళవారం పొద్దున్నే లేచి, వినతిపత్రం రాద్దామని కూర్చున్నాను. ఆపదొస్తే అర్జీ పెట్టుకోవడమే మనకు తెలిసిన విద్య. అయితే ఇంగ్లీషులో నాకు కంఠతా వచ్చిన ఉత్తరం ఒక్కటే. హాస్టల్లో ఉండగా సెలవుల కోసం మా నాన్న పేరుతో నేనే రాసుకునే ఉత్తరం. అందులో 'నేను' అనే మాటే ఉండదు, అంతా 'అబ్బాయి' గురించే. 'గౌరవనీయులైన అయ్యగారికి, విషయం: శుక్రవారం నాటి నాలుగు పిక్కులు, ఓపిక పట్టవలసిందిగా విన్నపం' అని మొదలుపెట్టాను. చెయ్యి దానంతటదే పాత దారిలో వెళ్ళిపోయింది. అబ్బాయి ఈ దేశానికి కొత్తగా వచ్చినాడనీ, ఇక్కడి మైదానం, అంటే గిడ్డంగి అని నా ఉద్దేశం, అతను అలవాటుపడిన దానికన్నా చాలా వెడల్పనీ, ఇక్కడి నియమాలు వేరనీ, ఒక్క చెడ్డ సాయంత్రం చూసి జీవితకాలపు తీర్పు చెప్పవద్దనీ, కనీసం ఈ సీజన్ అయ్యేదాకా చూడమనీ వేడుకున్నాను. గిడ్డంగిలో పండగల ముందు రద్దీని సీజన్ అంటారు లెండి. కింద 'మీ విధేయుడు' అని రాసి, గుండ్రంగా సంతకం పెట్టాను. మధ్యాహ్నం తాత చేతిలో పెట్టి, ఆయన చదవడం మొదలుపెట్టకముందే పరుగులాంటి నడకతో వరుసల్లోకి మాయమయ్యాను.

ఆ తర్వాత రెండు రోజులు లంచ్‌రూమ్ వైపు వెళ్ళలేదు. వెనక మెట్ల మీద కూర్చుని చల్లారిన పులిహోర తిన్నాను. విచిత్రమేమిటంటే అందరూ ఒక్కసారిగా నాతో మంచిగా ఉండటం మొదలుపెట్టారు. ఫోర్క్‌లిఫ్ట్ అతను బండి ఆపి మరీ భుజం తట్టాడు. ఎన్నడూ మాట్లాడని ప్యాకింగ్ ఆంటీ నీ ఉత్తరం చదివితే కళ్ళు చెమర్చాయి బాబూ అంది. అంటే అందరికీ తెలిసిపోయింది. చావింట్లో పలకరింపుల్లాగే అనిపించాయి నాకు. తలవంచుకుని థాంక్యూ అనేవాణ్ణి.

గురువారం స్కానర్ చార్జింగ్ అయిపోయి, దాన్ని పెట్టడానికి లంచ్‌రూమ్‌లోకి వెళ్ళక తప్పలేదు. నోటీసుబోర్డు మీద నా ఉత్తరం! దాని కింద ఇంకో కాగితం, మధ్యలో నిలువుగా గీత. ఒకవైపు 'ఉండాలి', ఇంకోవైపు 'పోవాలి'. పక్కన దారానికి కట్టిన పెన్ను. నా ఉద్యోగాన్ని ఓటింగ్‌కు పెట్టారు. 'ఉండాలి' వైపు ఆరేడు పేర్లు. 'పోవాలి' వైపు కాగితం చివరిదాకా. ఆ వరస మధ్యలో, తెలుగులో రాసినంత ముద్దుగా ఇంగ్లీషులో, అన్న సంతకం.

అన్న బల్ల దగ్గర కూర్చుని చపాతీ చుట్టుకుంటున్నాడు. వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాను.

"అన్నా, నువ్వు కూడానా?"

"ఏం జెయ్యాల్రా మరి? ఒక్క మ్యాచ్‌ల నాలుగు పిక్కులిచ్చిండు. గసొంటోన్ని ఎవడు ఉంచుకుంటడు?"

"ఏ మ్యాచ్?"

అన్న చపాతీ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. అప్పుడు తెలిసింది. తాత పాతికేళ్ళుగా ప్రాణం పెట్టే ఫుట్‌బాల్ జట్టు ఒకటుందట. (కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో విసిరేది.) ఆ బంతిని విసిరే ముఖ్యమైనవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారట. క్వార్టర్ కొట్టొచ్చి ఆడుతడేమో అనుకున్న మొదట్ల, అన్నాడు అన్న. ఈ ఏడు ఆ పనికి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. అమెరికా దక్షిణాది నుంచి వచ్చాడు. వాడూ మాలాగే పర్మిట్ మీద వచ్చినవాడే. అక్కడ మైదానం ఇంత వెడల్పు ఉండదు. అక్కడ బంతిని ముందుకు తీసుకెళ్ళడానికి నాలుగు అవకాశాలిస్తే ఇక్కడ మూడే. వాడు విసిరిన బంతి అవతలి జట్టువాడి చేతిలో పడితే దాన్ని కూడా పిక్ అంటారు. శుక్రవారం వాడు అలా నాలుగిచ్చాడు. పాతవాడంటే వాడికి ముందున్న క్వార్టర్‌బ్యాక్. అన్న కానేకాదు.

"ఫుట్‌బాల్ మీద నువ్వు గింత గొప్పగ రాస్తవని నాకు తెల్వదురా," అన్నాడు అన్న, నిజమైన గౌరవంతో.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. అయితే ఆ సామెతలోలా కాకుండా నా భుజం మీద బూడిద నిజంగానే ఉంది, అది వేరే సంగతి. ముందైతే ప్రాణం లేచి వచ్చింది. అన్న చపాతీ సగం తుంచుకుని తినేశాను. నాలుగు రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయేసరికి తల తేలికైంది, నోరు తేలికైంది. అన్న పక్కన కూర్చున్నవాళ్ళు కూడా జట్టు గురించి వాదించుకుంటున్నారు. నాకు హాస్టల్ టీవీ గది గుర్తొచ్చింది. ఒక్క మ్యాచ్‌లో నాలుగా? అందులోనూ అన్నీ ఎదుటివాడి చేతికే? అలాంటివాణ్ణి ఇంకా ఉంచుకోవడమేమిటి? లేచి వెళ్ళి, దారానికి వేలాడుతున్న పెన్ను అందుకుని, 'పోవాలి' వరస చివర నా పేరు గుండ్రంగా రాశాను.

పెన్ను వదిలి వెనక్కి తిరిగితే మీసాల తాత నిలబడి ఉన్నాడు. ఆయన నా సంతకం వైపు చూశాడు. పైన ఉన్న నా ఉత్తరం వైపు చూశాడు. మళ్ళీ సంతకం వైపు చూశాడు. అప్పుడే నాకు కనపడింది. 'పోవాలి' వరసలో అన్నిటికన్నా పైన ఆయన పేరు ఉంది, దాన్ని అడ్డంగా కొట్టేసి ఉంది. 'ఉండాలి' వైపు మళ్ళీ రాసి ఉంది.

"ఈ ఉత్తరం నువ్వే కదా రాసింది?" అని అడిగాడు.

అది ఆ అబ్బాయి గురించి కాదు సార్, ఈ అబ్బాయి గురించి అని నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టి, శుక్రవారం, కుక్కలు, పిల్లులు, నాలుగు పెట్టెలు అన్నీ ఒప్పేసుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా. ఆయన మీసాలు కాసేపు కదిలాయి, నవ్వాడో బాధపడ్డాడో తెలియలేదు. ఆ పెట్టెలు లారీ గేటు దాటకముందే తనే దింపించి మార్చేశానన్నాడు. మొదటి నెలలో కుక్కకు పిల్లి తిండి తీయనివాణ్ణి ఇంతవరకూ చూడలేదన్నాడు.

"నీకు సీజన్ అయ్యేదాకా టైముంది. వెళ్ళి పని చూసుకో," అని కాఫీ పోసుకున్నాడు.

నన్ను ఆ సీజన్ తర్వాత కూడా ఉంచుకున్నారు. ఆ క్వార్టర్‌బ్యాక్‌ను మాత్రం ఇంకో మూడు మ్యాచులయ్యాక తీసేశారు. ఆ కబురు తెలిసిన రోజు తాత బోర్డు మీది కాగితాలు తనే ఊడదీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. లంచ్‌రూమ్‌లో అందరికన్నా ఎక్కువ ఏడుపొచ్చింది నాకు. వాడు సూట్‌కేసు సర్దుకుంటుంటే పక్కన ఎవరైనా ఉన్నారో లేదో అని అన్నతో అంటే, నీకేమైందిరా, నువ్వే గదా పొమ్మన్నది అన్నాడు. మా ఓట్లు ఆ జట్టువాళ్ళు లెక్కపెట్టలేదని నాకు తెలుసు. అయినా ఆ రాత నాది కాకుండా పోలేదు.

ఇప్పుడు నేనుండేదీ కేంబ్రిడ్జ్‌లోనే. ఇంకో గిడ్డంగిలో కొత్తవాళ్ళకు పని నేర్పుతున్నాను. ఓర్పులో నేనేమీ ధర్మరాజును కాలేదు. సాయంత్రాలు మ్యాచ్ చూస్తూ సోఫా మీంచి లేస్తే మా ఆవిడ వంటింట్లోంచే ఎవర్ని పంపించేస్తున్నారు అని అడుగుతుంది. నేను మళ్ళీ సోఫాలో కూలబడతాను. తాత రిటైరవుతూ ఆ రెండు కాగితాలూ నాకే ఇచ్చేశాడు. అప్పుడప్పుడూ తీసి చూసుకుని నవ్వుకుంటాను. ఆ ఉత్తరం రాసినవాడూ, దాని కింద ఆ సంతకం చేసినవాడూ ఒకడేనంటే ఎవరూ నమ్మరు. చేతిరాత మాత్రం ఒకటే.