గోడకు పెట్టిన మైకు

జీవమణి పంజాగుట్టలో ఒక చీరల దుకాణంలో పందొమ్మిదేళ్ళుగా చీరలు విప్పి చూపిస్తోంది. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పనిచేసిన భర్త దయారత్నం ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాక, ఆమె పొద్దున్నే వండిపెట్టి, ఆక్సిజన్ మిషను సరిచూసి, అమీర్‌పేట నుంచి నడిచే పనికి పోయేది. మిషను పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉండేది.

వాళ్ళింటి పక్కగదిలోనే అద్దెకున్న కేదార్, వివేక్ అనే కుర్రాళ్ళు ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ, తీరిక దొరికితే ‘తుప్పు’ అనే పేరుతో సంగీతం చేసేవాళ్ళు. సంగీతమంటే పాటా రాగమూ కాదు. ఇనుము గీకిన చప్పుళ్ళు, జనరేటర్ల మోత, చెవులు చిల్లులు పడే కీచులు, వాటన్నిటి కింద ఎడతెగని ఒకే హోరు. వీధంతా తిట్టుకున్నా దయారత్నం మాత్రం విసుక్కునేవాడు కాదు. మా ఫౌండ్రీ మళ్ళీ తెరిచారని నవ్వేవాడు.

ఆగస్టులో ఒక మంగళవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన ప్రాణం పోయి ఉంది. నిద్రలోనే పోయారమ్మా, బాధ తెలిసి ఉండదు అన్నాడు డాక్టరు. కూతురు జెనీఫర్‌కి ఆమె అదే చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకునే ఎనిమిది నెలలు నాలుగు మెతుకులు తినగలిగింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం కేదార్ ఒక కేసెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వాళ్ళ ఆల్బం వచ్చిందట, ఈ రకం సంగీతాన్ని ఇప్పటికీ కేసెట్లుగానే పంచుతారట, ఇంటర్నెట్‌లోనూ పెట్టారట. బంజారా హిల్స్‌లో ఎవరింటి సెల్లారులోనో నలభై మంది ముందు వాయిస్తే మెచ్చుకున్నారట. ఆఖరి ముక్కలో అంకుల్ ఆక్సిజన్ మిషను చప్పుడు పెట్టామని, ఆయన గుర్తుగా ఉంటుందని చెప్పి ఫోనులో వినిపించాడు.

మొదట ఆ గుర్రు వినగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇంతలో ఇనుప గీకుళ్ళ అడుగు నుంచి “జీవా” అని వినబడింది. కాసేపటికి మళ్ళీ. మూడోసారి, “జీవా, ఊపిరందట్లేదే.” తరవాత మిషను ఒక్కటే.

ఆమె ఫోను లాక్కుని వెనక్కి జరిపి మళ్ళీ విన్నది.

“ఇది ఏ రోజుది?”

కేదార్ మొహం పాలిపోయింది. ఆ మంగళవారానిదే. మిషను చప్పుడు కోసం గోడకు మైకు అంటించి, రికార్డింగ్ పెట్టి, ఇద్దరమూ చాయ్‌కి పోయామన్నాడు.

“వచ్చాక వినలేదా?”

“విన్నం ఆంటీ. ఏదో గొణుగుతుండనుకున్నం. గా గొంతు ఉంటేనే మంచిగుంటది, తియ్యొద్దని వివేక్ అన్నడు.”

“మంచిగా ఉందా?”



నెలాఖరుకి గది ఖాళీ చేయించింది. ఆ ముక్క తీసేయమంటే ఇంటర్నెట్‌లోంచి తీసేశామన్నాడు వివేక్. కేసెట్లు మాత్రం ఎవరెవరి ఇళ్ళకో చేరిపోయాయి. నిజంగా చాయ్‌కే పోయారో, గోడకవతల కూర్చుని విన్నారో ఆమె ఎన్నటికీ తేల్చుకోలేకపోయింది. జెనీఫర్‌కి ఒక్క ముక్క చెప్పలేదు.

సంవత్సరికం ప్రార్థనకు కేదార్ ఒక్కడే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. జెనీఫర్ చూసి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. పక్కగదిలో ఉండి నాన్నను కనిపెట్టుకున్న తమ్ముడని పాస్టరుగారికి చెప్పి ముందు వరసలో కూర్చోబెట్టింది. జీవమణి వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. భోజనాలప్పుడు తనే వెళ్ళి అతని పళ్ళెంలో అన్నం వడ్డించి, తినేదాకా ఎదురుగా నిలబడింది.