వాషర్లు పెట్టిన ఇంజను

తొంభైల చివర్లో భీమవరంలో లారీ మెకానిక్‌గా చేసేవాణ్ణి. చేపల లోడు తొందరగా చేరాలని ఓ ఓనరుగారు తన లారీ ఇంజను స్పీడు పెంచమన్నారు.

"ఆ స్పీడుకి వాల్వులు టక్కున మూసుకోవాలంటే వాటికి గట్టి స్ప్రింగులు వేయాలండి" అన్నాను.

"పాతవాటి కిందే వాషర్లు పెట్టెయ్యవయ్యా, బిగుస్తాయి" అన్నారు.

అలా పెడితే స్ప్రింగుకి కుంగే చోటుండక వాల్వు విరగొచ్చని నాకు తెలుసు. అయినా ఓనర్లకు ఎదురు చెప్పే అలవాటు లేక "అలాగేనండి" అన్నాను.

మూడో ట్రిప్పులో తుని దగ్గర వాల్వు విరిగి పిస్టన్‌కి చిల్లు పెట్టింది. ఐసు కరిగి చేపలన్నీ కుళ్లిపోయాయి. షెడ్డు ముందు పదిమందిలో "వాషర్లు పెట్టమని నీకెవడు చెప్పాడ్రా?" అంటూ ఓనరుగారు నా చొక్కా పట్టుకున్నారు. "మీరేగా" అనాల్సింది. "తప్పయిపోయిందండి" అన్నాను.

తర్వాత వేరే మెకానిక్ చేత గట్టి స్ప్రింగులే వేయించారట. ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారింది. నా నోటి మీద మాత్రం ఇంకా చల్లారలేదు.