మనకి వీసా అక్కర్లేదు

చిలీ వెళ్లొచ్చిన ఏడాది నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఇక్కడ న్యూజిలాండ్‌లో, టకానినిలోని మా వీధిలో ఎవరైనా దక్షిణ అమెరికా మాటెత్తితే చాలు, అడగకుండానే మొదలుపెట్టేదాన్ని. శాంటియాగోలో కుళాయి నీళ్లు తాగొచ్చు. అటకామా ఎడారిలో పగలు మాడిపోతాం, రాత్రి వణికిపోతాం, కాబట్టి స్వెట్టర్ మరిచిపోవద్దు. పెట్టెలో ధనియాలో మెంతులో ఉంటే దిగగానే ఫారంలో రాయాలి, లేకపోతే జరిమానా. ‘సిన్ కార్నే’ అంటే మాంసం లేకుండా అని అర్థమే గానీ, కోడిని వాళ్లు మాంసంలో లెక్కేయరు, అదీ వద్దని విడిగా చెప్పుకోవాలి.

రెండిళ్ల అవతల ఉండే అక్క ఇవన్నీ శ్రద్ధగా వినేది. వాళ్లది వరంగల్. ఇక్కడికొచ్చిన పన్నెండేళ్లలో సెలవు దొరికినప్పుడల్లా ఇండియాకే వెళ్లారు, ఒకసారి ఎవరిదో పెళ్లికి, ఇంకోసారి ఎవరిదో ఆపరేషన్‌కి. పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని మొదటిసారి తమ కోసం చిలీకి ఒక ప్రయాణం అనుకున్నారు. పాపటోయిటోయిలో వేర్‌హౌస్‌లో పనిచేసే వాళ్లాయన ఆ రెండు వారాల సెలవు కోసం ఏడాదంతా ఒక్కరోజు కూడా పని మానలేదు.

“మరి వీసా సంగతేంది?” అని అడిగింది అక్క.

“మనకి వీసా అక్కర్లేదక్కా, టికెట్ కొనుక్కుని ఎక్కేయడమే,” అన్నాను.

‘మాకు’ అనాల్సిన చోట ‘మనకి’ అన్నాను. మేము న్యూజిలాండ్ పాస్‌పోర్ట్ తీసుకుని మూడేళ్లయింది. ఇండియా పాస్‌పోర్ట్ వదులుకోవడానికి మనసొప్పక వాళ్లు రెసిడెంట్లుగానే ఉండిపోయారు. అది నాకు తెలియంది కాదు, ఆ విషయమై అక్కతో వాదించాను కూడా. కానీ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఎదుటివాళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ప్రయాణం రోజు వాళ్లని ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టులు రెండుసార్లు తిరగేసి చిలీ వీసా ఏదని అడిగింది. అది లేకుండా విమానం ఎక్కించడం కుదరదని మర్యాదగానే చెప్పింది.

వాళ్లాయన నా వైపు తిరిగారు. “వీసా అక్కర్లేదని నువ్వే చెప్పినవంట గదమ్మా?”

“మీ పాస్‌పోర్ట్‌కి కావాలో వద్దో ఒకసారి చూసుకోమని అక్కకి చెప్పానండీ,” అన్నాను.

పచ్చి అబద్ధం. తడుముకోకుండా వచ్చేసింది. అక్క నా మొహంలోకి చూసింది. ఒక్క మాటంటే నా బండారం అక్కడే బయటపడేది.

“అవును, చెప్పింది. నేనే మర్చిపోయిన,” అంది ఆయనతో.

ఇక ఆయన కౌంటర్ ముందే, వెనక లైన్లో జనం వింటుండగా, ఆమెను తిట్టడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లకు ఒక్క పని చెబితే అదీ చూసుకోలేకపోయావన్నారు. ఆమె తల వంచుకుని పెట్టెలు మళ్లీ ట్రాలీ మీదికి ఎత్తుతోంది. నేను సిగ్గుతో చచ్చిపోతూ పక్కనే నిలబడ్డాను. అయినా ఆయన తిట్టి తిట్టి అలిసిపోయేదాకా నోరు తెరవలేదు.