సముద్రం నడుమ నేను గీసిన సరిహద్దు

బహ్రెయిన్‌నూ సౌదీనీ కలుపుతూ సముద్రం మీద వంతెన కడుతున్న రోజులవి. మధ్యలో ఇసుకా రాళ్లూ పోసి ఒక దీవినే లేపారు. రెండు దేశాల సరిహద్దు దాని మీదుగానే పోతుందని అందరూ అనేవాళ్లు. సరిగ్గా ఎక్కడ అంటే మా కూలీల్లో ఎవరికీ తెలియదు. నేను అక్కడ రంగులు వేసేవాణ్ణి.

ఆ ఏడాది మా క్యాంపుకు జగిత్యాల వైపు నుంచి ఒకాయన కొత్తగా వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఏం చెప్పినా తలూపి నమ్మేవాడు. అలాంటి మనిషి దొరికితే నేను ఊరుకోలేను. ఒక పొద్దున మిగిలిన తెల్లరంగుతో, సిమెంటు షెడ్డుకు పోయే దారికి అడ్డంగా జానెడు వెడల్పున గీత గీశాను. ఆయన రాగానే మొహం గంభీరంగా పెట్టి చెప్పాను.

“అన్నా, ఈడికెల్లి అవుతల సౌదీ. మన వీసా బహ్రెయిన్‌ది. కాలు పెడితే పట్టుకపోతరు.”

ఆయన వంగి గీతను చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజంతా దానికి బారెడు దూరంలోనే తిరిగాడు. గాలికి తువాలు అవతల పడితే, తెచ్చిపెట్టమని నన్ను బతిమాలాడు. నాకు స్పెషల్ పర్మిషన్ ఉందని చెప్పి తెచ్చిచ్చాను. డ్రమ్ముల చాటున మావాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

బహ్రెయిన్ ఒడ్డున ఉన్న బుదైయా వైపు నుంచి మమ్మల్ని పడవలో తెచ్చే ముసలాయన అక్కడివాడే. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఉండటంతో హిందీ బాగా మాట్లాడేవాడు. మూడో రోజు ఆ గీత చూసి ఏమిటని అడిగాడు. అన్న చెప్పగానే రాయి మీద కూర్చుని పాత సంగతులు ఎత్తుకున్నాడు. వాళ్ల నాన్న ముత్యాల కోసం ఈ నీళ్లలోనే మునిగేవాడట. దప్పికైతే తోలుసంచితో అడుగుకు పోయి, సముద్రం కింద ఊరే తియ్యటి నీళ్లు పట్టుకొచ్చేవాడట. అప్పుడు ఏ ఒడ్డుకు పోయినా కాగితం అడిగేవాళ్లు లేరట. తనకు పిల్లలు పుట్టాక రెండు దేశాల పెద్దలు కూర్చుని నీళ్ల మీద గీత గీసి పంచుకున్నారట. అంతా చెప్పి, రంగంటిన నా వేళ్లకేసి చూశాడు.

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజర్ వచ్చి, షెడ్డులోని సిమెంటు బస్తాలన్నీ ఇవతలికి మోయమని అన్నకు చెప్పాడు. అన్న కదల్లేదు. అటు సౌదీ అనీ, తనకు వీసా లేదనీ, పర్మిషన్ ఉన్నది నా ఒక్కడికేననీ వచ్చీరాని హిందీలో వినయంగా విన్నవించాడు. సూపర్‌వైజర్ గీతను చూశాడు, నన్ను చూశాడు. అయితే నువ్వే మొయ్యి, యల్లా, పద పద అన్నాడు. డ్యూటీ అయ్యేదాకా మోశాను. అన్న గీతకు ఇవతల నీడలో కూర్చుని, బస్తాలు ఎట్లా పేర్చాలో చెబుతూనే ఉన్నాడు.

పడవలో తిరిగి వస్తుంటే అడిగాను, నిజంగానే నమ్మావా అని.

“తమ్మీ, మా ఊర్ల పొలం గెట్టు పంచాయితీకి పదేండ్లు తిరిగిన. గెట్టంటే రెండు దిక్కుల మనుషులుండాలె. ఆడ నువ్వొక్కనివే ఉంటివి.”

క్యాంపుకు చేరాక తన పెట్టెలోంచి నూనెసీసా తీసి, నా భుజాలకు ఆయనే రుద్దాడు. కావాలనే కాస్త గట్టిగా రుద్దాడు.