మిలిటరీ లారీ చిన్న బాక్సు

పోయిన నెల మా అల్లుడు తన పికప్ బండిని సర్వీసింగుకు తీసుకుపోయి, పొద్దంతా అక్కడే కూర్చుని, సాయంత్రానికి మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. బండిలో ఏదో సన్నటి కూత వస్తున్నదని ఆయన మొత్తుకుంటే, వాళ్ళు కంప్యూటరు తగిలించి చూసి, ఏ లోపమూ లేదని కాగితం చేతిలో పెట్టి పంపించారట. కాగితంలో లేనిది నా ఒక్కడికే ఎట్లా వినిపిస్తున్నది మామా అని ఆయన విసుక్కుంటుంటే నాకు నవ్వు రావలసింది గాని రాలేదు. నలభై ఏళ్ళ కిందట మూడు నెలల పాటు అదే విసుగుతో నేను ఆదోనిలో పళ్ళు కొరుక్కుంటూ తిరిగాను, చివరికి అనకూడని మాట ఒకటి అన్నాను.

మా నాయన మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత లారీ ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. మా చేతికి వచ్చేనాటికే దాని మీటరు నిండిపోయి మళ్ళీ మొదటికి వచ్చిందని, అదెన్నోసారో ఎవరికీ తెలియదని అనేవాళ్ళు. వాన పడితే కౌతాళం వైపు నల్లరేగడిలో మామూలు లారీలు రోడ్డు దిగడానికి భయపడేవి, మాది మాత్రం చేల మధ్యకు దిగి పత్తి ఎత్తుకుని ఆదోని జిన్నింగు మిల్లుకు చేర్చేది. ఆ బలమంతా పెద్ద గేరుబాక్సు వెనక ఉండే మరో చిన్న పెట్టెలో ఉంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. ట్రాన్స్‌ఫర్ కేసు అని దాని అసలు పేరు, షెడ్లలో అందరం చిన్న బాక్సు అనేవాళ్ళం. బురదలో దిగేముందు దాని లివరు వేస్తే ముందు చక్రాలు కూడా పట్టు అందుకునేవి.

బండికి వైద్యుడు మా బావ, అంటే మా అక్క భర్త. ఎమ్మిగనూరు రోడ్డులో ఆయన షెడ్డు, షెడ్డు వెనకాలే ఇల్లు. ఇంజను మీద పొడుగు స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవిలో పెట్టుకుని రోగం చెప్పగలడని గోనెగండ్ల నుంచి కూడా లారీలు వచ్చేవి. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది కూడా ఆయనే కాబట్టి ఆయన మాట నాకు కోర్టు తీర్పుతో సమానం.

ఆ ఏడు పత్తి తీతల కాలంలో బండి కింద రెండు సద్దులు మొదలయ్యాయి, ఒకటి మొద్దు దడదడ, దాని మీద ఈలలాంటి సన్నటి కూత. పైగా చేలోంచి రోడ్డుకు ఎక్కేటప్పుడు చిన్న బాక్సు లివరు దానంతట అదే జారిపోయేది. బావ చక్రాలకు బలం మోసుకుపోయే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు మార్చాడు. దడదడ పోయింది, కూత పోలేదు. సద్దు పోయింది కదా, ఇంకేమని ఆయన, పోలేదని నేను. రెండోసారి వెనక ఇరుసు విప్పి బేరింగులు మార్చాడు. మూడోసారి పెద్ద గేరుబాక్సే దించాడు. లివరు జారుతున్నదంటే, దాని స్ప్రింగు వదులైందని బిగించి సరిపెట్టాడు. ప్రతిసారీ నాలుగైదు రోజులు బండి దిమ్మల మీద ఉండేది, అక్కడ చేలల్లో రైతులు ఆకాశం చూస్తూ నా కోసం కాచుకునేవాళ్ళు. ప్రతిసారీ ఏదో ఒక మొద్దు చప్పుడు నిజంగానే తగ్గేది, కూత మాత్రం అట్లాగే ఉండేది. మళ్ళీ వెళ్ళి చెబితే, బండికి కాదు నీకే అనుమానం రోగం పట్టుకుందని నవ్వేవాడు. ఒళ్ళు మండిపోయేది. వేరే షెడ్డుకు తీసుకుపోదామంటే అక్క మొహం గుర్తొచ్చేది. బావ చేతకానివాడని ఊరంతా చాటినట్టే కదా.

చివరికి కౌతాళం అవతల ఒక అవ్వ చేలో ఆ బండి నన్ను ముంచింది. మొగుడు లేని మనిషి, ఏడాది కష్టమంతా ఆ పత్తే. బండిలో నింపుకుని గట్టు ఎక్కుతుంటే లివరు జారింది, ముందు చక్రాలు వదిలేశాయి, వెనకవి ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎడ్లు కట్టి లాగేలోగా వాన దిగింది. కప్పిన తార్పాలు చాలలేదు. నేను చేతులు పిసుక్కుంటూ నిలబడితే ఆ అవ్వ తిట్టలేదు.

"నీ బండి నమ్ముకోని ఈడ పెట్టుకొంటిని గదప్పా," అని మాత్రం అన్నది.

మరునాడు మిల్లులో పైపొరలు తడిసిన పత్తి వెనక్కి తిప్పి పంపారు.

ఆ కోపంతో నేరుగా షెడ్డుకు పోయి, బావను పక్కన కూర్చోబెట్టుకుని బండి ఎమ్మిగనూరు దారి పట్టించాను. షెడ్డులో పనిచేసే ఇద్దరూ, పని మీద వచ్చిన ఇంకో లారీ డ్రైవరూ వెనక ఎక్కారు. యాక్సిలేటరు వదిలినప్పుడల్లా ఆ కూత చెవులు కోసేస్తున్నది, దారి పక్కన మేకలు తోలుకుపోయే మనిషి కూడా తల తిప్పి చూశాడు. బావ తల వంచి కాసేపు విని, నిమ్మళంగా అన్నాడు.

"ఇప్పుడు సూడు, ఏం సద్దూ లేదు. బండి బాగుంది."

షెడ్డు ముందు బండి ఆపి దిగానో లేదో నా నోరు నా అదుపులో లేదు.

"దోవన పోయేటోనికి ఇనిపిస్తాంది, నీకొక్కనికే ఇనిపీదా? నీకు చెవుడొచ్చినాది బావా. చెవిటోని చేతిలో బండి పెట్టి నేను మునిగిపోయినా."

వెనక నుంచి దిగుతున్న ముగ్గురూ అక్కడే నిలబడిపోయారు. బావ నా వైపు ఒకసారి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుని ఇంట్లోకి పోయాడు. అది ఆయనకు వినిపించింది.

కాసేపటికి అక్క బయటికి వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను. గుమ్మం దగ్గరే కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"రెండేండ్లాయరా. కుక్కరు పక్కన్నే కూసున్యా దాని కూత ఆయప్పకు ఇనిపీదు. మనిషి మాట ఇనిపిస్తాది, లావు సద్దు ఇనిపిస్తాది. సన్నటిది పోయింది. ఎవురికీ సెప్పొద్దన్యాడు. తెలిస్తే షెడ్డుకు ఎవురొస్తారు?"

అప్పుడు అర్థమైంది నాకు. మూడు నెలలుగా ఆయన నన్ను మోసం చేయలేదు, బద్ధకించలేదు. ఆయనకు వినిపించిన సద్దులన్నీ ఆయన నిజంగానే పోగొట్టాడు. రోజూ సమ్మెట దెబ్బల మధ్య బతికినవాడికి వినిపించకుండా మిగిలింది ఆ ఒక్క కూతే. ఇది తెలిశాక కోపం పోవలసింది గాని, నిజం చెప్పాలంటే ఇంకో రకంగా పెరిగింది. ముందే చెప్పి ఉంటే అవ్వ పత్తి తడిసేది కాదు కదా అని ఆ రాత్రంతా కుమిలాను.

పొద్దున నేను పోయేసరికే బావ లారీ కింద ఉన్నాడు. స్క్రూడ్రైవరు తీయలేదు. చిన్న బాక్సులోంచి బయటికి వచ్చే షాఫ్టును రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు, అది వదులు పన్నులా కదిలింది. కిందున్న బోల్టు విప్పి ఆయిలు అరచేతిలో పట్టి వేళ్ళతో రుద్దితే ఇనుప రజను మెరిసింది. ఆ చేయి నాకు చూపించాడు. బాక్సు దించి తెరిస్తే బేరింగులు అరిగి, షాఫ్టు పక్కకు ఒరిగి, గేరు పళ్ళు ఏటవాలుగా అరిగిపోయి ఉన్నాయి. గేరును జరిపే ఫోర్కు రేకులా పలచబడింది. పళ్ళు అట్లా ఉంటే లివరు జారక ఏం చేస్తుంది? ఆదోనిలో సామాన్లు దొరకలేదు. ఇద్దరం బళ్ళారి బస్సెక్కి, పాత మిలిటరీ సామాన్లమ్మే కొట్లలో రెండు రోజులు తిరిగి షాఫ్టూ గేర్లూ బేరింగులూ వెతికి తెచ్చుకున్నాం. ఫోర్కుకు వెల్డింగు పెట్టించి లేతు మిషను మీద కొలతకు చెక్కించాం. ఆ రెండు రోజులూ మా మధ్య బస్సు, టీ, భోజనం అన్న మాటలే నడిచాయి. తప్పయింది బావా అనడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ ఇంకేదో అడిగాను.

బిగించినాక మళ్ళీ అదే దారి పట్టాం. కొంత దూరం పోయాక ఎందుకో పక్కకు చూస్తే, బావ రోడ్డును చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు. కళ్ళ కొసలు, దవడలు, ఎక్కడైనా బిగుసుకుంటాయేమోనని చూస్తున్నాడు. యాక్సిలేటరు వదిలాను. కూత లేదు. నేనింకా ఏమీ అనకముందే ఆయన సీటులో వెనక్కి వాలి బీడీ ముట్టించాడు.

ఆ తర్వాత షెడ్డు మూసే దాకా ప్రతి బండినీ దాని డ్రైవరు చేతనే తోలించి తను పక్కన కూర్చునేవాడు. అది ఆయన పద్ధతి అనుకున్నారందరూ. ఆ అవ్వ మాత్రం మరుసటి ఏడు పత్తికి మా బండిని పిలవలేదు.

బావ పోయి చాలా ఏళ్ళయింది. చేల దాకా రోడ్లు పడ్డాక అట్లాంటి లారీతో పని లేకపోయింది, మాదీ పాత ఇనుముకు పోయింది. ఇప్పుడు ఎమ్మిగనూరుకు ఎవరి కారులోనో పోతే అద్దాలు ఎత్తేసి, చల్లగాలి పెట్టుకుని, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ ఊరు చేరిపోతాం. నేను కిటికీ వైపు కూర్చుని, నోటి దాకా వచ్చి ఆగిపోయిన ఆ ఒక్క మాట గురించి ఆలోచిస్తాను. ఆ రోజు తర్వాత నా మొహాన్ని అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.